నీళ్ళకు వాటం చాలు

మన ఇళ్ళల్లో మనిషికి తనదంటూ మిగిలే ఏకాంతం స్నానాల గదిలోనే ఉంది. పడకగదికి తలుపున్నా తట్టకుండా వచ్చేవాళ్ళుంటారు. వంటగది అందరిదీ. వీధి అరుగు ఊరందరిదీ. బాత్రూంలోకి వెళ్ళి గడియ వేసుకున్న మనిషిని మాత్రం కాసేపు ఎవరూ కదిలించరు. అక్కడ కూనిరాగాలు తీసేవాళ్ళున్నారు. ఎవరికీ కనబడకుండా ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేవాళ్ళున్నారు. గంగా యమునా గోదావరుల్ని పేరుపేరునా ఒక్క చెంబులోకి పిలుచుకునేవాళ్ళున్నారు. కాసేపు ఎవరి తల్లీ, ఎవరి భార్యా, ఎవరి కోడలూ కాకుండా ఉండగలిగిన చోటు అదొక్కటేనని మా అమ్మ తరం ఆడవాళ్ళకి బాగా తెలుసు.

ముసలితనం ముందుగా పట్టుకుపోయేది ఆ కాసేపటినే. మొదట ఇంట్లోవాళ్ళు "గడియ పెట్టుకోకమ్మా, దగ్గరగా వెయ్యి చాలు" అంటారు. కొన్నాళ్ళకి ఎవరో ఒకరు తలుపు బయట నిలబడి "అయిందా?" అని అడగడం మొదలవుతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు లోపలికే వెళ్ళాల్సి వస్తుంది. ఇదంతా ప్రేమతోనే జరుగుతుంది. అయినా, బతుకంతా తన ఒంటిని తానే కడుక్కున్న మనిషి ఒకనాటి పొద్దున్న ఇంకొకరి చేతికి సబ్బందించి తల పక్కకి తిప్పుకుని కూర్చుందంటే, ఎంత ప్రేమ ఉన్నా పోయింది పోయినట్టే. తప్పనిసరైనప్పుడు సరే. తప్పించగలిగీ తప్పించకపోవడం గురించే నా బాధ.

కాకినాడ ఇంట్లో మా అమ్మ సంగతి ఇంకా ఆ మొదటి మాట దగ్గరే ఉండగా నేనొకటి గమనించాను. ఆవిడ చెంబు ఎత్తగలదు, వీపు రుద్దుకోగలదు, తల తుడుచుకుని చీర కట్టుకోగలదు. స్నానానికి కావలసిన శక్తి అంతా ఒంట్లో ఉంది. అడ్డొస్తున్నది గట్టు ఒక్కటే. నాన్న ఎనభైల్లో కట్టించిన ఇల్లది.  బాత్రూం లోపల స్నానం చేసే మూలకి నాలుగు వేళ్ళ ఎత్తున సిమెంటు గట్టుంది. అంటే లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి ఎక్కి దిగాలి. వచ్చేటప్పుడు తడికాళ్ళతో అదంతా మళ్ళీ చెయ్యాలి.

అమ్మ ఆ గట్టు దాటడం చూస్తే అసలు విషయం అర్థమయ్యేది. కుడిచేత్తో తలుపు రెక్క పట్టుకునేది. తలుపు రెక్క కదిలే వస్తువు, దాన్ని పట్టుకున్న మనిషి కూడా దాంతోపాటు కదులుతుంది. కళ్ళజోడు తీసి కిటికీలో పెట్టేసింది కాబట్టి గట్టు ఎక్కడుందో కంటికి ఆనదు. ఎడమ కాలి బొటనవేలు ముందుకి చాపి అంచు కోసం తడిమేది. అంచు దొరికాక మోకాలు పైకి లేవాలి. అరిగిన మోకాలది. అది లేచిన ఆ అరక్షణం పాటు మొత్తం ఒంటి బరువు ఒంటికాలి మీద, తడి గచ్చు మీద, నూనె కారిన పాదం మీద ఆగి ఉండేది. పెద్దవాళ్ళు పడిపోవడానికి ఆ అరక్షణం చాలు.

ఇంతకీ ఆ గట్టు మనకి ఎలా అలవాటైంది? మన స్నానం పాతకాలంలో దొడ్లో ఉండేది. నూతి పక్కనో, తడిక చాటునో ఒక బండ పరిచి ఉండేది. బండని కాస్త వాల్చి వేసేవారు. పోసుకున్న నీళ్ళు ఆ వాలు వెంట జారి అరటి పాదుల్లోకి పోయేవి. ఆ తర్వాత స్నానం ఇంట్లోకి వచ్చింది. పక్కనే వంటగది, దేవుడి గూడు, ధాన్యం బస్తాలు. తడి ఇంట్లోకి రాకూడదన్న పట్టింపు మనకి గట్టిది, అందులో శుభ్రతా ఉంది, మడీ ఉంది. దాంతో స్నానాల గదిని ఒక మెట్టు దించారు, అది చాలదనుకున్నచోట గట్టు కట్టారు. నీళ్ళని సరిగ్గా నడిపించడం కన్నా అడ్డంగా ఆపెయ్యడం సులువైన పని కాబట్టి గట్టు నిలిచిపోయింది.

నిజానికి గట్టు లేని స్నానం మనకే దగ్గర. పాశ్చాత్యుల ఇళ్ళల్లో చాలాచోట్ల తొట్టి ఉంటుంది, దాని గోడ దాటి లోపలికి దిగితే గాని స్నానం లేదు. అక్కడ తొట్టి తీసేసి నేలకి సమానంగా షవర్ పెట్టాలంటే చెక్క నేలని కొయ్యడం దగ్గర్నుంచి చాలా హంగామా ఉంటుంది. మనం ఎప్పుడూ నేలమీదే స్నానం చేశాం, నేలమీదే నీళ్ళు పారబోశాం. గది మొత్తం తడవడం మనకి వింత కాదు. కావలసిందల్లా దొడ్లో బండ వాల్చినవాడి ఒడుపుని గదిలోకి తెచ్చుకోవడమే.

గట్టు తీసేద్దామనగానే తాపీ మేస్త్రి ఒప్పుకోలేదు. "తీసేస్తే నీళ్ళు హాల్లోకొచ్చేస్తాయండీ. రేపొద్దున్న నన్నంటారు" అన్నాడు. అతని భయంలో న్యాయం ఉంది. నేల వాలు, అంటే వాటం, కుదరని గదిలో గట్టు కూడా లేకపోతే నీళ్ళు నిజంగానే హాల్లోకి వస్తాయి. కాబట్టి మాట్లాడాల్సింది వాటం గురించే అని ఇద్దరం గచ్చుమీద కూర్చున్నాం.

లెక్క పెద్దదేమీ కాదు. యాభై అడుగుల దూరానికి అడుగు పల్లం, అంటే వందకి రెండు వంతుల వాలు. స్నానం చేసే చోటు అయిదడుగుల పొడవుంటే ఈ చివరికీ ఆ చివరికీ తేడా అంగుళం పైన కొంచెం, అంతే. అంతకన్నా బాగా తక్కువైతే నీళ్ళు నిలిచి పాకుడు పడుతుంది. ఎక్కువైతే నిలబడ్డ మనిషికి పాదం కింద ఒరుగు తెలుస్తుంది, చక్రాల కుర్చీ దానంతటది జారిపోతుంది. అమెరికాలో చక్రాల కుర్చీతో నేరుగా వెళ్ళగలిగే షవర్లకి నేల వాలు 1:48 దాటకూడదని, గుమ్మం దగ్గర ఎత్తు తేడా అర అంగుళం మించకూడదని, చోటు కనీసం 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు ఉండాలని నిబంధన ఉంది. కాకినాడ మేస్త్రి చేతి లెక్కా ఆ నిబంధనా దాదాపు ఒకచోటే కలిశాయి. నీళ్ళ స్వభావం ఎక్కడైనా ఒకటే కదా.

ఆ అంగుళం ఎక్కడినుంచి తేవాలన్నదే పనిలో కష్టమైన భాగం. గుమ్మం దగ్గర నేల హాలు నేలతో సమానంగా ఉండాలి, అక్కడ పెంచడానికి వీల్లేదు. కాబట్టి అవతలి గోడ దగ్గర దించాలి. మాది కింది అంతస్తు, గచ్చు కింద మట్టే ఉంది, తవ్వితే చోటు దొరికింది. నేలమీది నీళ్ళు దిగే నహానీ ట్రాప్ కూడా ఆ మేరకు కిందికి దించాల్సి వచ్చింది. అపార్టుమెంట్లలో అయితే చాలాచోట్ల బాత్రూం స్లాబునే ముందుగా దించి పోసి, పైపులు వేశాక ఇటుక ముక్కలతో నింపుతారు. ఆ నింపుడులో చోటు దొరుకుతుంది. అలా దించని మేడ గదుల్లో మాత్రం స్లాబు జోలికి పోకూడదు. ఇనుము తెగితే ఇంటికే ముప్పు. అక్కడ గుమ్మం బయట చిన్న వాలు కట్టుకోవడం మేలు.

ఇంకో నిర్ణయం, నీళ్ళు బయటికి పోయే దారి ఆకారం. నడిమధ్య గుండ్రటి జాలీ పెడితే నేలని నాలుగు వైపుల నుంచీ దానికేసి వాల్చాలి. అప్పుడు పెద్ద పలకలు పనికిరావు, చిన్నవే అతకాలి, కాలికి నాలుగు రకాల ఒరుగులు తగులుతాయి. గోడ వెంట పొడుగ్గా స్టీలు జాలీ కాలువ వేస్తే నేలంతా ఒకే వైపు వాలుతుంది. మేం అవతలి గోడ వెంట కాలువ వేయించాం. గుమ్మం నుంచి ఆ గోడదాకా నేల ఒక్క తీరుగా దిగుతుంది. కాలువలో చిక్కుకున్న జుట్టు వారానికోసారి తియ్యాలి. ఆ పాటి చాకిరీ తప్పదు.

పలకలు పరచకముందు మేస్త్రి చేసిన పరీక్ష నా కళ్ళముందే ఉంది. రసమట్టం, బద్ద పక్కన పెట్టేసి, చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మం దగ్గర నేలకి ఆనించినంత దగ్గరగా వంచి నెమ్మదిగా పోశాడు. నీళ్ళు ముందు వెడల్పుగా పరుచుకున్నాయి. తర్వాత ఒక అంచు పల్చబడి, ముందుకి నాలుక చాపి, కాలువ వైపు జారిపోయాయి. అతను నేలమీద చెంప ఆనించి, వెలుతురుకి ఎదురుగా చూశాడు. ఎడమ మూల అరచేయంత మేర తడి మెరుస్తూ నిలిచిపోయింది. ఎవరూ అడగకుండానే ఆ మేర సిమెంటు తాపీతో గోకి తీసి మళ్ళీ వేసి, మళ్ళీ చెంబెడు పోశాడు. ఈసారి ఏ మూలా మెరవలేదు. హాల్లోకి నీళ్ళొస్తాయన్న మాట అతను ఆ తర్వాత ఎత్తలేదు.

వాటం నీళ్ళకి దారి చూపిస్తుంది. కిందికి ఇంకకుండా కాపాడేది పలకల అడుగున ఉండే పూత. సిమెంటులో కలిపే వాటర్ ప్రూఫింగ్ పూత రెండుసార్లు, రెండోది మొదటిదానికి అడ్డంగా, గోడమీదికి కూడా ఎక్కించి వెయ్యాలి. నేలా గోడా కలిసే మూలల్ని గుండ్రంగా తిప్పాలి, పగుళ్ళు మొదలయ్యేది అక్కడే. ఆరాక కాలువ మూసేసి, గుమ్మం దగ్గర తాత్కాలికంగా చిన్న కట్ట వేసి, నీళ్ళు నింపి, గోడమీద పెన్సిలు గీత పెట్టి రెండు రోజులు వదిలెయ్యాలి. ఎండకి ఆవిరైనదానికన్నా ఎక్కువ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు. మేడమీద ఉండేవాళ్ళు కింది వాటావాళ్ళ సీలింగు కూడా చూసి రావాలి. గట్టు లేని గదికి చెడ్డపేరు వచ్చేది చాలాసార్లు ఈ రెండు రోజుల ఓపిక లేకనే.

ఇక పలకలు. అంగడిలో నిగనిగలాడే పలక చేతికి బాగుంటుంది, తడి పాదానికి బాగుండదు. జర్మనీలో దీనికొక పరీక్ష ఉంది. సబ్బునీళ్ళు పారుతున్న పలకల మీద మనిషిని వట్టి కాళ్ళతో నడిపించి, ఆ వేదికని కొంచెం కొంచెంగా వంచుతూ, ఎంత వంపు దగ్గర నిలదొక్కుకోలేకపోతాడో చూసి ఎ, బి, సి అని తరగతులిస్తారు. సి అంటే మేలైన పట్టు. మన ఇళ్ళల్లో ఆ సబ్బునీళ్ళకి తోడు తలంటు నూనె, సున్నిపిండి, షీకాయ కూడా ఉంటాయి. భోగినాడో దీపావళినాడో ఇంటిల్లిపాదీ తలంటుకున్నాక బాత్రూం నేల ఎలా ఉంటుందో మనకి తెలియంది కాదు. గరుకు పలకని రుద్ది కడగడం కాస్త కష్టమే అయినా పెద్దవాళ్ళున్న ఇంట్లో గరుకుకే ఓటు వెయ్యాలి.

గట్టు పోయినంత మాత్రాన పని పూర్తికాదు. చేతికి ఆసరా కావాలి. తువ్వాలు వేసుకునే కడ్డీని ఆసరా అనుకుని పట్టుకుంటే అది గోడలోంచి ఊడి చేతికొస్తుంది. మనిషి బరువుని మొయ్యడానికే చేసిన కడ్డీ వేరు. అది 250 పౌండ్ల, అంటే సుమారు 113 కిలోల బరువుకి నిలవాలనీ, గోడకీ కడ్డీకీ మధ్య అంగుళంన్నర ఎడం ఉండాలనీ అమెరికా నిబంధన. ఎడం ఎక్కువైతే జారిన చెయ్యి మోచేతిదాకా దూరి ఇరుక్కుంటుంది. బోలు ఇటుకల గోడైతే మామూలు మేకులు పట్టవు, పలకలు అతకకముందే ఆ చోట గోడని గట్టిచెయ్యాలి.

కూర్చునే బల్ల ఎత్తు కోసం మేస్త్రి అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి అరికాలి నుంచి మోకాలి వంపు దాకా టేపు పట్టాడు. "జాకెట్టుకి కొలిచినట్టు కొలుస్తున్నావేమయ్యా" అంది అమ్మ. "మీ కొలతే కదండీ మామ్మగారూ కావాల్సింది" అన్నాడతను. ఆ మాటలో ఈ పని ధర్మమంతా ఉందనిపించింది నాకు. పాత పీట మరీ కిందికుంటుంది, దానిమీంచి లేవడం మోకాళ్ళకి శిక్ష. బల్ల మీద కూర్చుని, చేతికందే ఎత్తులో గొట్టం షవర్ పట్టుకుంటే వంగి బకెట్లో ముంచుకునే పనే లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా నన్ను ఆలోచింపజేసింది తలుపు. మన బాత్రూం తలుపులు చాలావరకు లోపలికే తెరుచుకుంటాయి. లోపల మనిషి పడిపోయి తలుపుకి అడ్డంగా ఉంటే బయటివాళ్ళు ఆ తలుపు తొయ్యలేరు, తోస్తే ఆ మనిషికే తగులుతుంది. బయటికి తెరుచుకునే తలుపో, పక్కకి జరిగే తలుపో ఉండాలి. గడియ లోపల వేసుకున్నా బయటి నుంచి నాణెంతో తిప్పి తియ్యగలిగేది ఉండాలి. అలాంటి గడియ పెట్టాక "గడియ పెట్టుకోకమ్మా" అన్న మాట మా ఇంట్లో మానేశాం. అమ్మ ఇప్పుడు తలుపు వేసుకుని, గడియ పెట్టుకుని, తన తీరిక తను చూసుకుని స్నానం చేస్తుంది.

ఇలాంటి ఆలోచన ప్రపంచంలో గట్టిగా మొదలైంది కష్టం అనుభవించినవాళ్ళ దగ్గరే. రొనాల్డ్ మేస్ అనే అమెరికన్‌కి తొమ్మిదో ఏట పోలియో వచ్చింది. చక్రాల కుర్చీలోనే చదువుకుని ఆర్కిటెక్టయ్యాడు. వికలాంగులకి వేరే గది, వేరే దారి అని విడదియ్యకుండా, మొదటి నుంచే అందరూ వాడుకోగలిగేలా కట్టాలన్న వాదాన్ని 1980లలో 'యూనివర్సల్ డిజైన్' అన్న పేరుతో ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. పాట్రీషియా మూర్ అనే డిజైనరు 1979 నుంచి 1982 దాకా, తన ఇరవైల వయసులో, ముసలామె వేషం వేసుకుని అమెరికా, కెనడా నగరాల్లో తిరిగింది. కీళ్ళు వంగకుండా కట్లు కట్టుకుంది, చూపు మసకబారే కళ్ళజోడు పెట్టుకుంది. మెట్టు ఎంత ఎత్తో, తలుపు ఎంత బరువో ఆ కట్ల లోపలి నుంచి తెలుసుకుంది. ఇల్లు కట్టించేటప్పుడు మనం నలభయ్యో యాభయ్యో ఏళ్ళ కాళ్ళతో ఉంటాం. ఆ కాళ్ళకి గట్టు ఉన్నట్టే తెలియదు.

మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారమే అరవై ఏళ్ళు దాటినవాళ్ళు 10 కోట్ల పైచిలుకు, వైకల్యం ఉన్నవాళ్ళు 2.68 కోట్లు. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 6,84,000 మంది కిందపడి చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. చక్రాల కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వృత్తమంత చోటు ఉండాలనే కొలతలతో సహా కేంద్రం 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ వీటి చూపు ముఖ్యంగా ఆఫీసులు, స్టేషన్లు, ఆసుపత్రులు వంటి నలుగురూ వచ్చిపోయే చోట్ల మీద ఉంటుంది. మన ఇంటి బాత్రూం గట్టు ఎంతుందో చూడ్డానికి ఏ అధికారీ రాడు. అది పూర్తిగా మన మనసుకి వదిలేసిన విషయం.

"ఇప్పట్నుంచే ఇదేమిటి, ఆసుపత్రి గదిలాగా" అని చుట్టాలు అంటారు. మా ఇంట్లో ఆ గది చూసినవాళ్ళెవరికీ అలా అనిపించలేదు. గట్టు లేని నేల వెడల్పుగా, తేటగా కనిపిస్తుంది. కడగడం తేలిక, చీపురుకి మూలలు అడ్డం రావు. అయినా అందం సంగతి పక్కన పెడదాం. గట్టు అడ్డం వచ్చేది ముసలివాళ్ళొక్కరికే అయితే గదా. పొయ్యి మీద కాచిన నీళ్ళ బకెట్ మోసుకెళ్ళే ఇల్లాలు గట్టు తన్నుకుంటే ఆ నీళ్ళు ఆమె పాదాల మీదే పడతాయి. నెలలు నిండిన ఆడపిల్లకి తన పాదాలే కనబడవు. కాలికి కట్టుకట్టుకున్న కుర్రాడు, పరుగెత్తే పసివాడు, మోకాలి ఆపరేషను చేయించుకుని వచ్చిన మావయ్య, వీళ్ళందరూ ఏదో ఒకనాడు ఆ గట్టు దగ్గర ఆగినవాళ్ళే. చక్రాల కుర్చీలో ఉన్న మేనత్త మన ఇంటికి వచ్చి నాలుగు రోజులుండాలా, మధ్యాహ్నం భోజనం చేసి వెళ్ళిపోవాలా అన్నది కూడా మన బాత్రూం గుమ్మమే తేలుస్తుంది.

ఇల్లు కట్టించబోతున్నవారికి నా మనవి ఇది. స్లాబు పొయ్యకముందే బాత్రూం నేల ఎంత దించాలో ఇంజినీరుతో మాట్లాడండి. పోశాక అనుకుంటే కుదరదు. తలుపు తెరిస్తే దారి మూడడుగులు ఉండేలా గుమ్మం పెట్టించండి, తలుపు బయటికి తెరుచుకోనివ్వండి. ఆసరా కడ్డీలు ఇప్పుడు అక్కర్లేదనుకున్నా గోడని వాటికి తగ్గట్టు కట్టించండి. ఫ్లాటు కొంటున్నవాళ్ళు షోకేసు ఎక్కడ పడుతుందో చూసుకున్నంత శ్రద్ధగా బాత్రూం గుమ్మం ఎత్తు చూసుకోండి. పాత ఇంట్లో ఉన్నవాళ్ళు లీకేజీ కోసమో పైపు కోసమో గచ్చు పగలగొట్టే రోజు వస్తుంది, ఆ రోజే గట్టు కూడా తీయించెయ్యండి. పలకలు అతకనిచ్చే ముందు మేస్త్రి చేత గుమ్మం దగ్గర చెంబెడు నీళ్ళు పోయించి, అవి ఎటు పోతాయో మీరే నిలబడి చూడండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు తమ కాళ్ళమీద తాము నడుస్తున్నప్పుడే ఈ పని చేయించండి.